మీకు తెలుసా? ఎంసీబీ ఉన్నది వైరు కోసం!

గీజర్ వేయగానే ఎంసీబీ పడిపోతోందా? 'పెద్దది వేసేద్దాం' అంటే దయచేసి ఒప్పుకోకండి. అది కాపాడేది గీజర్‌ని కాదు, గోడలోని వైరుని. లైట్లు, ఫ్యాన్లకు వేసే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు మామూలుగా 6 లేదా 10 ఆంపియర్లది, గీజర్ ప్లగ్గుకు వెళ్లే 2.5 వైరుకు 16 ఆంపియర్లది వేస్తారు. 16 ఎంసీబీ 17 దాటగానే పడదు; దాదాపు 23 ఆంపియర్ల దగ్గర గంటలోపు పడుతుంది. అక్కడ 32 పెడితే, 36 ఆంపియర్లు గంటసేపు పారినా కదలదు. ఈలోగా పైపులో వైరు తొడుగు మెత్తబడుతుంది, స్విచ్‌బోర్డు విప్పితే కాలిన పీవీసీ వాసన గుప్పుమంటుంది. అసలు 2000 వాట్ల గీజర్ లాగేదే 9 ఆంపియర్లలోపు! 16 పడిపోతోందంటే పాడైన ఎలిమెంటో, వదులైన టెర్మినల్ స్క్రూనో ముందు చూపించండి.