మునిగిన ఊరికి పటం గీయడం ఎలా?

శ్రీశైలం జలాశయం నిండేముందు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. కృష్ణా తుంగభద్రల ఒడ్డున మునిగిన ఊళ్ల గేరీలకు, రచ్చకట్టలకు, చేదబావులకు ఆ భాగ్యం దక్కలేదు. అవి పెద్దల తలపుల్లోనే మిగిలాయి.

రెండు వందల ఏళ్ల కిందట సర్వేయర్ కల్నల్ మెకంజీ, ఆయన సహాయకులైన కావలి సోదరులు కరణాలను అడిగి ఊరూరి కైఫీయతులు, అంటే ఊరి చరిత్రలు, రాయించారు. ఇప్పుడా పని ఊరివాళ్లే చేసుకోవచ్చు.

మొదట పునాది పటం కావాలి. లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి, ఉచితం. శ్రీశైలం నిండింది ఆ తర్వాతే కాబట్టి ముంపుకు ముందటి లోయ వాటిలో కనిపిస్తుంది. అయితే తొలినాటి చిత్రాల్లో ఒక్కో చుక్క సుమారు 80 మీటర్లు. నది వంపు తెలుస్తుంది, ఇల్లు తెలియదు.

ఆ ఇంటిని చూపాల్సింది పెద్దలే. కాగితం పరిచి గుడినో బావినో గుర్తుపెట్టి, 'పొద్దున్నే నీళ్లకు ఏ దారిన పోయేవారమ్మా?' అని అడగాలి. దిక్కులు మరిచినవాళ్లకు కూడా నడిచిన దారి గుర్తుంటుంది. ఇద్దరి మాట కలవకపోతే రెండూ రాయాలి. ఏ బావిలో ఎవరిని చేద వెయ్యనివ్వలేదో కూడా రాయాలి. అది దాచిన పటం సగం ఊరినే చూపుతుంది.

2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఆన్‌లైన్ పటంలో తెలుగు పేర్లు ఎవరైనా చేర్చవచ్చు. కానీ నేడు నేలమీద ఉన్నవాటికే అక్కడ చోటు. లేనివాటికి ఓపెన్‌హిస్టారికల్‌మ్యాప్ ఉంది. ఏది ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా ఉందో అందులో నమోదు చేయవచ్చు.

రికార్డు చేసిన పెద్దల గొంతులు, ఫొటోలు ఫోన్‌లోనే ఉంచితే ఫోన్‌తోపాటే పోతాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనో వికీమీడియా కామన్స్‌లోనో పెట్టి, మరో ప్రతి ఇంట్లో ఉంచుకోండి. కామన్స్‌లో పెట్టినదాన్ని ఎవరైనా, వ్యాపారానికైనా, వాడుకోవచ్చు. ఆ సంగతి ముందే చెప్పి, చెప్పినవారి అనుమతి తీసుకోవడం మన బాధ్యత.

శ్రీశైలం నీళ్లు వచ్చేనాటికి ఇరవై ఏళ్లున్నవారికి ఇప్పుడు అరవై దాటాయి. వచ్చే సంక్రాంతికి చుట్టాలంతా కలిసినప్పుడు వాళ్లను కూర్చోబెట్టి అడగండి. పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాల్లో ఇంకా ఖాళీ కాని ఊళ్లున్నాయి. అక్కడివారు ఇళ్లు నిలిచి ఉండగానే, లొకేషన్ ఆన్ చేసుకుని, గడప గడపనూ ఫొటో తీసిపెట్టుకోండి.