యుద్ధం ముగిసినా మానని గాయం

సికిందరాబాదు నుంచి ఉప్పల్ పోయే బస్సులో కూర్చుంటే తార్నాక దాటాక రోడ్డు పక్కనే చెట్ల మధ్య ఒక పెద్ద ఆవరణ కనిపిస్తుంది. ఇంకాస్త ముందుకు పోతే హబ్సిగూడ. అక్కడ ఎడమవైపు చీలిన దారి నాచారం పారిశ్రామిక వాడకు పోతుంది. నాచారంలోని పిల్లలు ఈ దారిన ఎన్నోసార్లు వచ్చిపోయి ఉంటారు. కాని ఆ చెట్ల వెనుక ఉన్న ప్రయోగశాలకూ, ఎక్కడో దూరాన జరిగిన యుద్ధాలకూ సంబంధం ఉందంటే నమ్ముతారా?

ఆ ఆవరణ పేరు భారతీయ రసాయన సాంకేతిక సంస్థ. 1944లో నిజాం ప్రభుత్వం నెలకొల్పిన ప్రయోగశాల ఇది. 1956లో కేంద్ర శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి కిందికి వచ్చి ప్రాంతీయ పరిశోధనాలయం అయింది. 1989లో ఇప్పటి పేరు పెట్టారు. ఇందులోని ఒక విభాగం విషరసాయనాలను గుర్తించడంలో ఆరితేరింది. రసాయన ఆయుధాల నిషేధ సంస్థ గుర్తింపు ఇచ్చే ప్రయోగశాలల జాబితాలో చోటు సంపాదించింది. ఆ గుర్తింపు ఊరికే రాదు. ఏమున్నదో చెప్పకుండా నమూనాలు పంపి పరీక్ష పెడతారు. ఉన్నదాన్ని కనిపెట్టాలి, లేనిదాన్ని ఉందనకూడదు. పరీక్షలో తప్పితే గుర్తింపు పోతుంది.

ఇంత జాగ్రత్త ఎందుకు? ఆ విషాల బారిన పడిన సైనికుల కథ వింటే తెలుస్తుంది.

వాయువు కాని వాయువు

1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర పట్టణం దగ్గర జర్మన్ సేనలు క్లోరిన్ వాయువును వదిలాయి. నాలుగు రోజుల తరువాత అదే రణరంగంలో మన భారతీయ సైనికుల లాహోర్ డివిజన్ కూడా ఆ విషవాయువును ఎదుర్కొన్నది. మంచినీటిని శుద్ధిచేసే క్లోరినే అది! అప్పటికి ముసుగులు లేవు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకోవడమే దిక్కు.

రెండేళ్ళకు, 1917 జులైలో, అక్కడే మరొక విషం వచ్చింది. దానికి 'మస్టర్డ్ గ్యాస్' అని పేరు. ఆవాల వాసనో, వెల్లుల్లి వాసనో వేస్తుందని ఆ పేరు వచ్చిందే గాని దానికీ ఆవాలకూ సంబంధం లేదు. నిజానికి అది వాయువు కూడా కాదు, నూనెలాంటి ద్రవం. గంధకం, క్లోరిన్, కార్బన్, హైడ్రోజన్ పరమాణువులు కలిసిన అణువు. ఒంటిమీద పడ్డప్పుడు మంట కూడా ఉండదు. కొన్ని గంటలు గడిచాక చర్మం బొబ్బలెక్కుతుంది, కళ్ళు వాచి మూసుకుపోతాయి, గొంతు పూడుకుపోతుంది.

అణువుకు రెండు చేతులు

ఈ ఆలస్యానికి కారణం ఏమిటి? మస్టర్డ్ అణువుకు రెండు చివరలా ఒక్కొక్క క్లోరిన్ ఉంటుంది. శరీరంలోని తేమ తగలగానే ఆ క్లోరిన్ ఊడిపోతుంది. అప్పుడు ఆ చివర దేన్నైనా పట్టుకోవడానికి ఆత్రపడుతుంది. మన కణాలలోని డి.ఎన్.ఎ.ను గట్టిగా పట్టుకుంటుంది. డి.ఎన్.ఎ. మెలితిరిగిన నిచ్చెన లాంటిదని చదువుకున్నారు గదా! కణం రెండుగా చీలాలంటే ముందు నిచ్చెన నిలువునా విడిపోవాలి. ఒక చేత్తో ఒక పక్కనూ, రెండో చేత్తో రెండో పక్కనూ పట్టుకుని కూర్చుంటే అది విడిపోవడం ఎలా? అందుకే మాటిమాటికీ విభజన చెందే కణాలు ముందుగా దెబ్బ తింటాయి. కంటి పైపొర, శ్వాసనాళాల లోపలి పొర, రక్తం తయారయ్యే ఎముక మూలుగ అలాంటివే.

దీనివల్లనే ఒక వింత కూడా జరిగింది. విభజన ఆపకుండా సాగించే కణాలే గదా క్యాన్సర్ కణాలు! మస్టర్డ్‌కు దగ్గరి బంధువైన నైట్రోజన్ మస్టర్డ్‌ను 1942లో అమెరికాలో క్యాన్సర్ రోగికి మందుగా ఇచ్చి చూశారు. ఆ కుటుంబానికి చెందిన సైక్లోఫాస్ఫమైడ్‌ను ఈనాటికీ ఆస్పత్రులలో వాడుతున్నారు.

ఇరవై ఏళ్ళ తరువాత

బొబ్బలు మానుతాయి. సైనికుడు ఇంటికి వస్తాడు. కాని లోపలి గాయం మానదు. ఊపిరితిత్తులలోని సన్నని గొట్టాలు మచ్చకట్టి ఇరుకైపోతాయి. ఏళ్ళు గడిచినకొద్దీ దగ్గు, ఆయాసం పెరుగుతాయి. చర్మం ఎండిపోయి దురద పెడుతుంది. కొందరికి కళ్ళు బాగుపడ్డాయనుకున్న పది, ఇరవై ఏళ్ళకు మళ్ళీ కంటి పైపొర పుండై చూపు మందగిస్తుంది. జపానులోని ఒకునోషిమా దీవిలో 1929 నుంచి 1945 వరకు విషవాయువులు తయారుచేసిన కార్మికులలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగా కనిపించింది.

1980 నుంచి 1988 వరకు సాగిన ఇరాన్-ఇరాక్ యుద్ధంలో ఇరాక్ ఈ విషాన్ని విరివిగా వాడింది. 1987 జూన్ 28న సర్దష్త్ పట్టణం మీద కూడా ఆ బాంబులు వేసింది. అప్పుడు యువకులైన వారు ముసలివారై ఇప్పటికీ ఆక్సిజన్ గొట్టంతో ఊపిరి పీలుస్తున్నారు.

పురుగుమందుకు అన్న

ఇంకొక జాతి విషాలు నరాల మీద పనిచేస్తాయి. 1938లో జర్మనీలో పురుగుమందుల కోసం వెదుకుతుండగా దొరికిన సారిన్ వాటిలో ఒకటి. మన పల్లెల్లో పత్తి చేలకు ఏళ్ళ తరబడి చల్లిన మోనోక్రోటోఫాస్ కూడా ఆ భాస్వర కుటుంబానిదే. నరం కండరానికి కబురు పంపాక ఆ కబురును తుడిచివేసే ఎంజైము ఒకటి ఉంటుంది. ఈ విషాలు దాన్ని పనిచేయనివ్వవు. పలుపు తెగిన గిత్తలా కండరం ఆగకుండా కొట్టుకుని, చివరకు చతికిలపడుతుంది. ఊపిరి ఆగిపోతుంది. విరుగుడుగా అట్రోపిన్ ఇస్తారు.

1991 మార్చిలో ఇరాక్‌లోని ఖమిసియా వద్ద అమెరికా సైనికులు ఒక ఆయుధాగారాన్ని పేల్చివేశారు. లోపల సారిన్ నింపిన రాకెట్లు ఉన్నాయని వారికి తెలియదు. ఆ యుద్ధం నుంచి తిరిగి వచ్చినవారిలో ఎందరినో నీరసం, మతిమరుపు, కీళ్ళ నొప్పులు పట్టి పీడించాయి. "అంతా మీ మనసులోనే ఉంది" అన్నారు చాలామంది. 2022లో వెలువడిన ఒక పరిశోధన ఆసక్తికరమైన సంగతి చెప్పింది. సారిన్‌ను విరిచే ఎంజైము కొందరిలో పుట్టుకతోనే బలహీనంగా ఉంటుంది. సారిన్ సోకినప్పుడు అలాంటివారికే జబ్బు ఎక్కువగా వచ్చిందట. ఇంకా చర్చ సాగుతూనే ఉంది.

సాక్ష్యం చెరిగిపోతుంది

మస్టర్డ్ సోకినవారి మూత్రంలో థయోడైగ్లైకాల్ అనే పదార్థం కనిపిస్తుంది. బాల్ పెన్ సిరాల తయారీలోనూ వాడే రసాయనమే అది! అందువల్ల అదొక్కటే చాలదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌కు అతుక్కున్న మస్టర్డ్ ముక్కలను కూడా వెదుకుతారు. కాని ఎర్రకణం ఆయుష్షు 120 రోజులే. ఆ తరువాత ఆ ముద్ర పోతుంది. అంటే శరీరం సాక్ష్యాన్ని మరిచిపోతుంది, గాయాన్ని మాత్రం మరవదు. ఇరవై ఏళ్ళకు ఆయాసంతో వచ్చిన సైనికుడు తన జబ్బుకు కారణం ఇదేనని ఎలా నిరూపించుకోగలడు? ఆనాడే పరీక్షించి రాసిపెట్టిన కాగితమే అతనికి ఆధారం.

ఆ కాగితం లేనివారు మన దేశంలోనూ ఉన్నారు. 1930లలో మొదలుపెట్టి పదేళ్ళకు పైగా బ్రిటిష్ శాస్త్రజ్ఞులు రావల్పిండిలో వందలాది భారతీయ సైనికుల మీద మస్టర్డ్‌ను ప్రయోగించి చూశారు. భారతీయుల చర్మం ఎక్కువ కాలుతుందా, తెల్లవారి చర్మమా అన్నది వారి ప్రశ్న! కొందరు ఆస్పత్రి పాలయ్యారు. 2007లో ఈ పత్రాలు వెలుగులోకి వచ్చాయి. ఆ సైనికులు తరువాత ఏమయ్యారో ఎవరూ కనుక్కోలేదు.

రసాయన ఆయుధాలను నిషేధించే ఒప్పందం మీద భారతదేశం 1993లో సంతకం చేసింది. 1997లో అది అమలులోకి వచ్చింది. మన దగ్గరున్న వెయ్యి టన్నులకు పైబడిన మస్టర్డ్‌ను 2009 నాటికి ధ్వంసం చేశాం. 2023 జులైలో అమెరికా కూడా తన ఆఖరి నిల్వను నాశనం చేసింది.

ఈసారి ఉప్పల్ బస్సులో పోతున్నప్పుడు ఆ చెట్ల వైపు ఒకసారి చూడండి. విషాన్ని తయారుచేయగల రసాయన శాస్త్రమే దాని జాడను పట్టి బాధితుడి తరఫున సాక్ష్యం చెప్పగలదు. ఏ పని చేయించాలన్నది మనుషుల చేతుల్లో ఉంది.