దుమ్ము దులిపిన గాలే దీపం ఆర్పేసింది!

ఆఫీసులో సర్వర్ పది నిమిషాలు పలకకపోతేనే నాకు చెమటలు పడతాయి. అలాంటిది, ఆపర్చునిటీ రోవర్‌కి నాసా వాళ్లు నెలల తరబడి వెయ్యికి పైగా కమాండ్లు పంపారు. ఒక్కదానికీ జవాబు రాలేదు.

2004లో అంగారకుడి మీద దిగినప్పుడు దానికి పెట్టిన గడువు అక్కడి లెక్కలో 90 రోజులే. ఆలోపు సోలార్ ప్యానెళ్ల మీద ఎర్రదుమ్ము పేరుకుని పవర్ పడిపోతుందనుకున్నారు. వైపర్ పెట్టొచ్చుగా అంటారా? బరువు, ఖర్చు! కానీ ఆ పని గాలి చేసిపెట్టింది. అక్కడి వాతావరణ పీడనం మన దగ్గర ఉన్నదాంట్లో ఒక్క శాతం కూడా ఉండదు. అయినా గాలులు అప్పుడప్పుడూ ప్యానెళ్లను దులిపి పోయేవి. 2005 మార్చిలో కవల రోవర్ స్పిరిట్‌కి ఇలాగే పవర్ ఒక్కసారిగా పెరిగింది. ఆపర్చునిటీ అయితే ఏకంగా 14 ఏళ్లు నడిచింది.

2018 జూన్‌లో దుమ్ము తుపాను గ్రహమంతా కమ్మేసింది. పట్టపగలే చీకటి. జూన్ 10న చివరిసారి మాట్లాడేటప్పటికి రోజు మొత్తానికి 22 వాట్-అవర్లే. నా ల్యాప్‌టాప్ బ్యాటరీలో సగం కూడా కాదు! గాలుల సీజన్ వస్తే ప్యానెళ్లు శుభ్రపడతాయని ఎదురుచూశారు. 2019 ఫిబ్రవరిలో ఆశ వదులుకున్నారు.

నాకు తెగ నచ్చిన జుగాడ్ మాత్రం ఇన్‌సైట్ ల్యాండర్‌ది. 2021లో దాని రోబో చేత్తో ప్యానెల్ పక్కన ఇసుక జారవిడిచారు. గాలికి ఎగిరిన ఇసుక రేణువులు దుమ్మును వెంటబెట్టుకుపోయాయి. దుమ్ము మీద ఇసుక పోసి 30 వాట్-అవర్ల దాకా సంపాదించారు! 2022 డిసెంబరులో అదీ మూగబోయింది.

క్యూరియాసిటీ, పర్సెవరెన్స్‌లకు ఈ బాధ లేదు. వాటికి కరెంటు ప్లుటోనియం వేడి నుంచి వస్తుంది.