లావెండర్ మొక్క కొనే ముందు మన వట్టివేరు కథ వినండి



బోరబండలో మా మిద్దె మీద పోయిన చలికాలం రెండు లావెండర్ మొక్కలు పెట్టాను. "ఇక్కడ బ్రహ్మాండంగా వస్తుందండీ" అన్నారు నర్సరీవాళ్లు. సంక్రాంతి దాకా బాగానే ఉన్నాయి. ఏప్రిల్ ఎండకి ఒకటి మాడిపోయింది, వానలకి రెండోది వేరు కుళ్ళి పోయింది. పోయినవి రెండు కుండీలే కాబట్టి సరిపోయింది. కానీ ఎకరంలో లావెండర్ వేద్దామనుకునే రైతులూ ఉన్నారు. వాళ్ల కోసమే ఈ వీడియో.

లావెండర్ ఎక్కడిది?

మధ్యధరా సముద్రం చుట్టూ ఉండే కొండల మొక్క ఇది. లాటిన్‌లో 'కడగడం' అనే మాట నుంచి ఈ పేరు వచ్చిందని చెబుతారు. 1వ శతాబ్దంలోనే డయోస్కోరిడిస్ అనే గ్రీకు వైద్యుడు తన మూలికల గ్రంథంలో ఒక రకం లావెండర్ గురించి రాశాడు. యూరప్‌లో ఎండిన పూలు మూటకట్టి బట్టల పెట్టెల్లో పెట్టేవాళ్లు, పురుగు పట్టకుండా. 'అరోమాథెరపీ' అనే మాటని వాడుకలోకి తెచ్చిన ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త గాట్‌ఫోసే 1937లో ఆ పేరుతోనే పుస్తకం వేశాడు. ఆయనకీ లావెండర్ నూనె మీదే గురి.

మన దేశంలో జమ్మూ కశ్మీర్‌లోని భదర్వా రైతులు, సీఎస్ఐఆర్ అరోమా మిషన్ సాయంతో, మక్కజొన్న వేసే చేలల్లో లావెండర్ పండిస్తున్నారు. అక్కడ చలి ఉంది, నీరు నిలవని కొండ వాలు ఉంది. మన దగ్గర ఆ రెండూ లేవు.

మనకున్నది వట్టివేరు

లావెండర్ అక్కడ చేసిన పనులన్నీ ఇక్కడ వట్టివేరు చేసింది. మంచినీళ్ల కుండలో వేశాం, చీరల పెట్టెలో పెట్టాం, కిటికీలకి తడికలు కట్టి నీళ్లు చల్లాం. వెదురు గుడిసెలకి వట్టివేరు కూర్చి నీళ్లు చల్లే పద్ధతి అక్బర్ చెప్పి చేయించిందేనని అబుల్ ఫజల్ 'ఐనీ అక్బరీ'లో రాశాడు.

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకి ఇంకో లాభం ఉంది. దీని వేర్లు పక్కకి పాకవు, నిటారుగా 3 మీటర్ల లోతుకి కూడా దిగుతాయి. గట్టు కోసుకుపోకుండా ఆపుతాయి. 1980లలో ప్రపంచ బ్యాంకు నిపుణులు నేల కోత ఆపడానికి ఈ గడ్డినే మన దేశంలో ప్రచారం చేశారు.

నాటడం ఇలా

పిలకలు విడదీసి, ఆకు జానెడు ఉంచి కత్తిరించండి. బీజామృతంలో ముంచి తొలకరికి నాటండి. గట్టు కోసమైతే వాలుకి అడ్డంగా, 10–15 సెంటీమీటర్లకి ఒక పిలక చొప్పున పెట్టండి. మొదటి ఏడాది సందులు పడితే పూడ్చండి.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. గట్టు మీది వట్టివేరు తవ్వకండి. వేరు కోసం తవ్వితే గట్టే పోతుంది. అమ్మకానికి వేరే మడి వేసుకోండి, ఇసుక నేలైతే తవ్వడం తేలిక. 12 నుంచి 18 నెలలకి వేరు తీయొచ్చు. నూనె తీయాలంటే గంటల తరబడి ఆవిరి పట్టాలి, కట్టెల ఖర్చు ఎక్కువ. అందుకే కొనేవాళ్లని ముందు చూసుకుని, తర్వాత నాటండి. రకాల గురించి హైదరాబాద్ బోడుప్పల్‌లోని సీమ్యాప్ కేంద్రానికి వెళ్లి అడగొచ్చు.

పిలకలు ఎలా విడదీయాలో వీడియోలో చూపించాను. మా మిద్దె మీద లావెండర్ పోయిన కుండీలోనే ఇప్పుడు వట్టివేరు ఉంది. అదీ చూడండి.