అంతరిక్ష నౌక నమూనా: కొత్తగా కట్టడమా, ఉన్నదాన్ని మార్చడమా?

సైన్స్ ఫిక్షన్ చిత్రాల్లోని అంతరిక్ష నౌకల నమూనాలను తయారుచేయడానికి ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. మొదటిదైన స్క్రాచ్ బిల్డింగ్‌లో స్టైరీన్ అనే ప్లాస్టిక్ షీట్లను, గొట్టాలను కొలతల ప్రకారం కోసి అతికిస్తూ నౌకను ఆసాంతం నిర్మిస్తారు. రెండవదైన కిట్‌బాషింగ్‌లో బజారులో దొరికే ట్యాంకులు, ఓడలు, విమానాల కిట్ల నుంచి భాగాలను ఏరి, వాటి అసలు ప్రయోజనంతో నిమిత్తం లేకుండా కొత్త రూపంలోకి కూరుస్తారు.

1977లో విడుదలైన ‘స్టార్ వార్స్’ కోసం ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ కళాకారులు మిలీనియం ఫాల్కన్ నౌక ప్రధానాకృతిని స్వయంగా నిర్మించి, ఉపరితలాన్ని కిట్ల ముక్కలతో నింపారు. చిన్న వివరాలు ఎన్ని ఎక్కువ కనిపిస్తే వస్తువు అంత పెద్దదిగా తోస్తుంది కనుక, దాదాపు 5 అడుగుల నమూనా తెరపై భారీ నౌకగా భాసించింది.

అసలు రంగుకు ముందు వేసే పూత అయిన బూడిదరంగు ప్రైమర్ పడగానే రకరకాల ముక్కలు ఒకే యంత్రంలోని భాగాలుగా కలిసిపోతాయి. అయితే అతుకుల సందులను బయటపెట్టేదీ ఆ పూతే కాబట్టి, పుట్టీ పెట్టి గరుకు కాగితంతో రుద్దక తప్పదు.

కిట్లతో శ్రమ తగ్గినా ఆకృతికి హద్దులుంటాయి, స్క్రాచ్ బిల్డింగ్‌లో స్వేచ్ఛ ఉన్నా కొలత తప్పితే మొదటికే మోసం వస్తుంది. కిట్ల మీద చేయి తిరిగాక షీటును పట్టుకోవడమే కొత్తవారికి మేలు.