హాయంతా తుంటి ఎత్తులోనే!

ఓ పాఠకుడి ప్రశ్న ఇది: "నాలుగు మీటర్ల లోపు సెడాన్, నాలుగు మీటర్ల లోపు ఎస్‌యూవీ. రెండింటి పొడవూ ఒకటే కదా! మరి ఎత్తు కారులో చోటు ఎక్కువున్నట్టు, కూర్చుంటే హాయిగా ఉన్నట్టు అనిపించడం మన భ్రమా?"

భ్రమ కాదు. అయితే అందరూ అనుకునే కారణమూ కాదు. ఇంటి పెద్దలు "ఎత్తు బండి సుఖం" అంటుంటారు. ఆ మాట వెనక ఎముకలూ కండరాలూ కలిసి నడిపే చక్కటి యంత్రాంగం ఒకటుంది.

ముందు లెక్క తేల్చేద్దాం. ఇన్ని కార్లు నాలుగు మీటర్ల గీత దగ్గరే ఆగిపోవడానికి కారణం పన్ను. 2006 బడ్జెట్‌లో చిన్న కార్ల ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16కు తగ్గించినప్పుడే ఈ గీత పడింది. 2025 సెప్టెంబర్ 22న మారిన జీఎస్టీలోనూ అదే గీత: ఇంజన్ షరతులకు లోబడి గీత లోపలుంటే 18 శాతం, దాటితే 40. అందుకే మారుతీ డిజైర్, టాటా నెక్సాన్ రెండూ 3,995 మిల్లీమీటర్లే. ఎత్తు మాత్రం డిజైర్‌ది 1,525, నెక్సాన్‌ది 1,620. తేడా 95 మిల్లీమీటర్లు. అందులో 45 కారు అడుగుకీ రోడ్డుకీ మధ్య ఖాళీకే పోయాయి. లోపలి మనుషులకు మిగిలింది అయిదు సెంటీమీటర్లు.

అయిదు సెంటీమీటర్లతో ఏం ఒరుగుతుంది? పైథాగరస్‌ను అడుగుదాం. కూర్చున్న మనిషి మడమ నుంచి తుంటి కీలుకు ఏటవాలుగా 800 మిల్లీమీటర్లు అనుకోండి. మడమకన్నా తుంటి 250 ఎత్తులో ఉంటే ఆ మనిషికి నేలమీద 760 మిల్లీమీటర్ల పొడవు కావాలి. తుంటిని 300కు లేపితే 742 చాలు. మోకాలి మడత ఏమీ మారలేదు, 18 మిల్లీమీటర్లు మిగిలాయి. రెండు వరుసలకు కలిపితే మూడున్నర సెంటీమీటర్లు. కారును ఒక్క వెంట్రుకవాసి కూడా సాగదీయకుండా!

ఈ కిటుకు బ్రోషర్‌లో కనపడదు. కార్ల ఇంజనీర్లు సీటు కొలతలన్నీ హెచ్-పాయింట్ అనే బిందువు నుంచి తీస్తారు. సీట్లో 76 కిలోల కొలత బొమ్మను కూర్చోబెడితే దాని తుంటి కీలు ఎక్కడ నిలుస్తుందో అదే హెచ్-పాయింట్. అమెరికా ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ పద్ధతిలో లెగ్‌రూమ్ అంటే బొమ్మ చీలమండ నుంచి ఆ బిందువుకు ఉన్న ఏటవాలు దూరానికి 254 మిల్లీమీటర్లు కలిపిన అంకె. సీటు కిందున్నా పైనున్నా ఏటవాలు దూరం ఒకటే అయితే అంకె కూడా ఒకటే. దూరం తెలిసింది, కోణం దాక్కుంది. మన నడుముకు కావలసింది ఆ కోణమే.

అసలు నాయకుడు ఇప్పుడొస్తాడు: తొడ వెనక కండరాలు, హామ్‌స్ట్రింగ్స్. వీటి పై కొస మనం ఏ ఎముక మీద కూర్చుంటామో దానికే అతుక్కుని ఉంటుంది. కింది కొస మోకాలు దాటి పిక్క ఎముకలకు. అంటే ఒకే కండరం రెండు కీళ్ల మీదుగా పోతుంది. మోకాలు చాచితే కింది కొస దూరం జరుగుతుంది. తొడ పొట్ట వైపు లేస్తే పై కొస దూరం జరుగుతుంది. ఎటు సాగినా కండరం కూర్చునే ఎముకను ముందుకు గుంజుతుంది. దాంతో కటి మొత్తం వెనక్కి దొర్లుతుంది, నడుములోని సహజమైన వంపు చదునైపోతుంది.

నమ్మకపోతే చాప మీద కాళ్లు బారజాపి, గోడకు ఆనుకోకుండా కూర్చోండి. కాసేపటికి నడుము గూనిగా వంగుతుంది. ఇప్పుడు మోకాళ్లు కొద్దిగా మడవండి, లేదా కింద ఓ పీట వేసుకోండి. నడుము చాలావరకు దానంతటదే నిటారవుతుంది. సెడాన్ ముందు సీటుకూ ఎస్‌యూవీ ముందు సీటుకూ ఉన్న తేడా ఇదే. వెనక సీటు కథ ఇంకా ఘోరం. వాలుగా దిగే పైకప్పుకు తల తగలకూడదని సీటును కిందికి దించితే మోకాళ్లు పైకి లేస్తాయి, తొడలు కుషన్‌ను వదిలేస్తాయి, బరువంతా రెండు ఎముకల మీద పడుతుంది. గంట ప్రయాణంలోనే అటూ ఇటూ మెదులుతామంటే ఆశ్చర్యమేముంది?

ఈ విషయంలో పెద్దపెద్దవాళ్లే పప్పులో కాలేశారు. తుంటి, మోకాలు, చీలమండ అన్నీ తొంభై డిగ్రీల్లో ఉండటమే సరైన కూర్చోవడమని ఎంతోకాలం బడుల్లోనూ ఆఫీసుల్లోనూ బోధించారు. అమెరికా వైద్యుడు కీగన్ మనుషుల్ని పక్కకు పడుకోబెట్టి, కాళ్లను రకరకాల కోణాల్లో ఉంచి ఎక్స్‌రేలు తీసి 1953లో ఆ బోధనను తిరగేశాడు. నడుము వంపు సహజంగా ఉండేది తొడకూ మొండేనికీ మధ్య సుమారు 135 డిగ్రీలున్నప్పుడు. తొంభైకి వచ్చేసరికే అది చదునవుతోంది!

తర్వాత స్వీడన్‌లో నాకెమ్సన్ అనే వైద్యుడు వెన్నుపూసల మధ్యనుండే డిస్కుల్లోకే సూది దింపి ఒత్తిడి కొలిచాడు. నిలబడితే 100 అనుకుంటే కూర్చుంటే 140 అన్నాడు. దశాబ్దాల పాటు అదే వేదవాక్కు. 1999లో జర్మనీలో విల్కె బృందం ఓ స్వచ్ఛంద వైద్యుడి డిస్కులో సెన్సర్ పెట్టి చూస్తే కూర్చున్నప్పటి ఒత్తిడి నిలబడినప్పటికన్నా కాస్త తక్కువే వచ్చింది, జారగిలబడితే మరీ తక్కువ. కొలిచింది ఒక్క మనిషినే కాబట్టి దీన్నీ వేదం చెయ్యనక్కర్లేదు. నిలిచిన పాఠం ఒక్కటే: ఎంత గొప్ప భంగిమైనా అదే పనిగా ఉంటే నడుము ఒప్పుకోదు. ఎత్తు సీటు గొప్పతనం అక్కడే, కాళ్లు కదిపే వీలు ఎక్కువ.

ఎస్‌యూవీకి దోషాల్లేవా అంటే ఉన్నాయి. ఎత్తులో కూర్చున్నవాడి తల మలుపుల్లో, గుంతల్లో పక్కలకు ఎక్కువ ఊగుతుంది. ఘాట్ రోడ్డులో కడుపు తిప్పే పిల్లల్ని అడగండి, చెబుతారు. మోకాళ్ల ముందు చోటు కనిపించాలని కుషన్‌ను పొట్టిగా కోసే కంపెనీల సంగతి వేరే. అప్పుడు ఎంత ఎత్తు సీటయినా తొడలు గాలిలోనే.

కొనేముందు చెయ్యాల్సింది చిన్న పరీక్ష. ముందు సీటును మీ ఎత్తుకు సర్దుకుని, దాని వెనకే వెళ్లి పదిహేను నిమిషాలు కూర్చోండి. మోకాలికి కాస్త ఇవతల తొడకింద అరచెయ్యి పెట్టి చూడండి. సులువుగా దూరి ఇంకా ఖాళీ మిగిలితే, బ్రోషర్ ఏమన్నా ఆ సీటు మీది కాదు. సేల్స్‌మన్ లెగ్‌రూమ్ చెబితే విని, సీటు కారు లోపలి నేలనుంచి ఎంత ఎత్తో అడగండి. అడిగేవాళ్లు పెరిగితేనే ఆ అంకె బ్రోషర్‌లోకి ఎక్కుతుంది.