అమెరికా గ్రామీణ కౌంటీలలో భూసంరక్షణ చెల్లింపులు: విధానం, ఫలితాలు, పరిమితులు

కొలరాడో రాష్ట్రపు ఆగ్నేయ మూలన ఉన్న బాకా కౌంటీ 1930లలో ధూళి తుఫానుల వలన తీవ్రంగా దెబ్బతిన్న ప్రాంతాలలో ఒకటి. అల్ప వర్షపాత మైదానాలలో సహజ గడ్డిని దున్ని గోధుమ వేయడం, ఆపై వరుస కరవులు రావడంతో పైమన్ను గాలికి కొట్టుకుపోయింది. ఈ అనుభవం నుండి 1935లో భూసంరక్షణ సేవా సంస్థ ఏర్పడింది. నేడు ఇటువంటి కౌంటీలలో రైతులకు అందే సంరక్షణ చెల్లింపులలో ప్రధానమైనది 1985 ఆహార భద్రతా చట్టం ద్వారా ప్రారంభమైన కన్జర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్.

చెల్లింపు విధానం

కోతకు సులభంగా గురయ్యే సాగుభూమిని రైతు 10 నుండి 15 సంవత్సరాల పాటు సాగు నుండి తప్పించి, బహువార్షిక గడ్డి లేదా చెట్లు పెంచడానికి ఒప్పందం చేసుకుంటాడు. ప్రతిఫలంగా ఏటా అద్దె, పచ్చదనం నెలకొల్పే ఖర్చులో 50 శాతం వరకు సహాయం లభిస్తాయి. అద్దెకు ఆ నేల ఉత్పాదకత, కౌంటీలోని వర్షాధార భూముల సగటు కౌలు ఆధారం. 2018 చట్టం సాధారణ నమోదుకు దీనిని 85 శాతానికి పరిమితం చేసింది. ఉదాహరణకు, లెక్కించిన అద్దె ఎకరాకు 40 డాలర్లు అనుకుంటే రైతుకు గరిష్ఠంగా 34 డాలర్లు లభిస్తాయి; 300 ఎకరాలకు ఇది ఏటా 10,200 డాలర్లు.

దరఖాస్తులన్నీ ఆమోదం పొందవు. వన్యప్రాణుల ఆవాసం, నీటి నాణ్యత, నేల కోత నివారణ, ప్రయోజనాల మన్నిక, గాలి నాణ్యత, వ్యయం అనే అంశాలపై మార్కులు వేసి ఎంపిక చేస్తారు. తక్కువ అద్దెకు అంగీకరించిన రైతుకు వ్యయాంశంలో ఎక్కువ మార్కులు వస్తాయి. ఒప్పందాన్ని మధ్యలో విరమిస్తే అప్పటివరకు పొందిన మొత్తాన్ని వడ్డీతో తిరిగి చెల్లించవలసి ఉంటుంది.

గ్రామీణ ఆర్థిక వ్యవస్థపై ప్రభావం

కరవు ఏడాదిలోనూ తప్పక వచ్చే ఈ ఆదాయం భూయజమానికి భరోసా. అయితే సాగు తగ్గినపుడు విత్తనాలు, ఎరువులు, ఇంధనం అమ్మేవారి వ్యాపారం, కూలిపని కూడా తగ్గుతాయి. అందుచేతనే ఒక కౌంటీ సాగుభూమిలో 25 శాతానికి మించి నమోదు చేయరాదని సాధారణ పరిమితి విధించారు. కౌలుదారునికి నష్టం మరింత ప్రత్యక్షం: యజమాని భూమిని నమోదు చేస్తే అతనికి సాగుభూమే మిగలదు. కౌలుదారుల ప్రయోజనాలను కాపాడి, చెల్లింపులలో న్యాయమైన వాటా కల్పించాలని చట్టం నిర్దేశిస్తున్నది.

ఒప్పందం ముగిసిన తరువాత

2007లో పథకం కింద సుమారు 3.68 కోట్ల ఎకరాలు ఉండగా, 2020 నాటికి అవి సుమారు 2.2 కోట్లకు తగ్గాయి. ధాన్యపు ధరలు పెరగడం, చట్టపరమైన గరిష్ఠ పరిమితిని తగ్గించడం ఇందుకు ప్రధాన కారణాలు. పదేళ్లలో కుదురుకున్న గడ్డినేలను ఒక్క సీజనులో దున్నివేయవచ్చు. కోత ముప్పు అధికంగా గల భూమిలో సంరక్షణ ప్రణాళిక లేకుండా సాగు చేస్తే ఇతర వ్యవసాయ సహాయాలు కోల్పోతారన్న నిబంధన కొంత రక్షణ కల్పిస్తున్నది. పదవీవిరమణ చేసే యజమాని తన భూమిని కొత్త రైతులకు అమ్మితే లేదా కౌలుకిస్తే అదనంగా రెండేళ్ల వరకు అద్దె చెల్లించే అవకాశాన్ని 2008 చట్టం కల్పించింది.

విస్తరణకు సూచనలు

నమోదైన ఎకరాలు మాత్రమే పథక విజయానికి కొలమానం కావు. గడువు తీరాక ఎంత భూమి పచ్చదనంతో నిలిచింది, సాగుదారునికి ఏమి దక్కింది అన్నవి కూడా పరిశీలించాలి. ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారుల హక్కులకై 2019లో చేసిన చట్టం ఒప్పంద కాలాన్ని 11 నెలలుగా నిర్ణయించింది. పదేళ్ల సంరక్షణ ఒప్పందం ఇటువంటి స్వల్పకాలిక కౌలుతో పొసగదు. కనుక ఈ తరహా చెల్లింపులను ఇక్కడ రూపొందించదలచినపుడు, యజమానికి, కౌలుదారునికి మధ్య వాటా ఏ విధంగా ఉండాలన్నది మొదటే తేల్చుకోవడం అవసరం.